గట్టు మీద కుర్చీ

మా జిల్లాల్లో మర్యాద కుర్చీతో మొదలవుతుంది. గుమ్మంలో మనిషి కనపడితే చాలు, ఎవరు, ఏమిటి అని అడక్కముందే లోపల్నించి ఓ ప్లాస్టిక్ కుర్చీ వచ్చేస్తుంది. దాన్ని తువ్వాలుతో ఓసారి తుడిచి, "ముందు మీరు కూర్చోండీ" అంటారు. కూర్చునేదాకా ఊరుకోరు. ఆ మర్యాదని నేను తప్పుపట్టను. అందులోనే పుట్టాను, అందులోనే పెరిగాను. కానీ ఉద్యోగం చేసిన ఇన్నేళ్ళూ నేను పోట్లాడింది మాత్రం ఆ కుర్చీతోనే.

నేను ఫిజియోథెరపిస్టుని. ఏలూరులో ఒక ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాను. రోజూ మా ఊరు తాడేపల్లిగూడెంలో పాసింజరు రైలెక్కి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ దాంట్లోనే వచ్చేదాన్ని. ఈమధ్య ఈ చదువు చదువుతున్న అమ్మాయిలిద్దరు మా ఇంటికొచ్చి, "మేడం, పెద్దవాళ్ళకి ఆరోగ్యం నిలిచే అలవాట్లు ఎలా నేర్పించాలో మీ అనుభవం చెప్పండి" అన్నారు. అంతసేపు మాట్లాడే ఓపిక లేదమ్మా, రాసిస్తానులే అన్నాను. ఇప్పుడు చూస్తే రాయడానికీ ఓపిక లేదు. మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను.

అసలు పని

బయటివాళ్ళకి మా పని అంటే నొప్పికి మెషీనుతో కరెంటు పెట్టడం, కాళ్ళు లాగడం. పేషెంట్లకీ అదే ఇష్టం. వాళ్ళు పడుకుంటారు, మనం ఏదో చేస్తాం, నొప్పి తగ్గుతుంది, ఆటో ఎక్కి వెళ్ళిపోతారు. "కాస్త కరెంటు ఎక్కువ పెట్టండమ్మా, పుణ్యముంటుంది" అని బతిమాలేవాళ్ళు. మీరే లేచి నిలబడాలండీ అంటే మాత్రం మొహాలు మాడ్చుకునేవాళ్ళు.

వయసు మీద పడే కొద్దీ ఒంట్లోంచి బలం జారిపోతూ ఉంటుంది. వాడుకుంటూ ఉంటే నెమ్మదిగా పోతుంది, కూర్చుంటే గబగబా పోతుంది. ఆ జారిపోయేదాన్ని కాస్త పట్టి ఉంచడమే మా పని. దానికి మెషీనేమీ లేదు. పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా ఆ మనిషి తన పనులు ఎన్ని తన చేత్తో, తన కాళ్ళతో చేసుకుంటున్నాడు? అంతే సంగతి. వినడానికి ఎంత చప్పగా ఉందో చూడండి! ఈ చప్పటి మాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. విన్నవాళ్ళు మాత్రం తక్కువ.

మా గూడెంలో వాకింగు బ్యాచి ఒకటుంది. తెల్లారకముందే తెల్ల బూట్లు వేసుకుని బయల్దేరతారు. చక్కగానే నడుస్తారు, కాదనను. నడిచి నడిచి టిఫిను సెంటరు దగ్గర ఆగుతారు. అక్కణ్ణించి బండెక్కి ఇంటికి. ఇంటికెళ్ళి వాలుకుర్చీలో కూలబడితే మళ్ళీ భోజనానికే లేవడం. "రోజూ నడుస్తూనే ఉన్నానండీ, అయినా మోకాళ్ళు పట్టేస్తున్నాయి" అని నా దగ్గర మొర. మిగతా రోజంతా ఏం చేస్తారండీ అంటే, "రిటైరయ్యాం కదండీ, ఇంకేం చేస్తాం!" అని నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

మా పెద్ద డాక్టరుగారు

నాకు పై అధికారి ఎముకల డాక్టరుగారు. మనిషి మంచివాడే గానీ నోరు మంచిది కాదు. ఆయన గదిలో పేషెంటు కూర్చునే స్టూలు తలుపు పక్కన ఉండదు, ఆ చివర గోడ దగ్గర ఉంటుంది. పేషెంటుని పట్టుకుని వచ్చే కొడుకుల్ని గుమ్మంలోనే ఆపేసేవారు. "చెయ్యి వదలండి సార్. నేను చూస్తున్నాగా, పడనివ్వను" అనేవారు. కొత్తలో నాకు ఒళ్ళు మండేది, ఇదేం రాతిగుండె అని.

ఒకరోజు ఆయనే చెప్పారు. "తలుపు దగ్గర్నుంచి స్టూలు దాకా నడిచే లోపల, ఆ మనిషి ఇంట్లో ఎలా బతుకుతున్నాడో నాకు తెలిసిపోతుందమ్మా. ఎక్స్‌రేలో అది పడదు." ఆ ఒక్క మాట నాకు ఉద్యోగమంతా పనికొచ్చింది.

అయితే ఒకటి చెప్పాలి. ఆయన బ్యాగు అటెండరు మోసేవాడు. కారు తలుపు డ్రైవరు తీసేవాడు. మెట్లెక్కడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఆయన రిటైరైన కొన్నాళ్ళకి ఏలూరులో ఒక పెళ్ళిలో కనపడ్డారు. సోఫాలోంచి ఆయన్ని ఇద్దరు పట్టుకుని లేపుతున్నారు. నన్ను చూసి, "చూశావా?" అన్నారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అంత తెలిసిన మనిషికే తెలియడం అలవాటుగా మారలేదు.

గంగరాజుగారి ప్రశ్న

ఇప్పుడు గంగరాజుగారి సంగతి. నా ఉద్యోగంలో ఎవరు గుర్తున్నారని అడిగితే నేను చెప్పే పేరు ఇదే.

కైకలూరు దారిలో కొల్లేటి పక్క ఊరు ఆయనది. చిన్నప్పుడు కొల్లేట్లో వలేసిన మనిషి, తరవాత చేపల చెరువులు. భార్య పోయింది. కొడుకు శ్రీను, కోడలు దుర్గ. డెబ్బై దాటినా రోజూ పొద్దున్నే చెరువులో మేత సంచులు ఆయనే కట్టేవాడు. ఎరగనివాళ్ళకి చెబుతున్నాను: తవుడు నింపిన సంచులకి అడుగున కంతలు పెట్టి, పడవలో తీసుకెళ్ళి, నీళ్ళల్లో పాతిన గెడలకి కడతారు. చేపలు ఆ కంతల్లోంచి మేత లాక్కుని తింటాయి. ఒక వానాకాలం గట్టు మీద కాలు జారి ఆయన తుంటి ఎముక విరిగింది. మా డాక్టరుగారే ఆపరేషను చేశారు.

మర్నాడు నేను మంచం దగ్గరికి వెళితే ఆయన అడిగింది ఒక్కటే. "అమ్మా, నాకు తిన్నగా చెప్పండి. నేను మళ్ళీ పడవెక్కుతానా?"

"ఎందుకండీ ఇంకా పడవ? కొడుకు ఉన్నాడు, పనివాళ్ళు ఉన్నారు."

"చెరువు మధ్యకెళ్ళి చెయ్యి నీళ్ళల్లో పెడితే చేప ఎలా ఉందో నాకు తెలుస్తాదండి. గట్టు మీద నుంచుంటే నేనూ దారినపోయే దానయ్యా ఒకటే. పడవెక్కలేకపోతే ఇంక నేనెందుకండి?"

ఎక్కుతారనీ అనలేదు, ఎక్కరనీ అనలేదు. కానీ ఆ మాట పట్టుకునే పని మొదలెట్టాను. పడవ ఎక్కడమంటే నడక ఒక్కటే కాదు. గట్టు దిగాలి, వంగి అంచు పట్టుకోవాలి, ఒక కాలు ఊగే పడవలో పెట్టి రెండో కాలు తీసేలోపు ఒంటికాలి మీద ఆగాలి. అందుకని నెలలు గడిచే కొద్దీ ఒకదాని తరవాత ఒకటి నేర్పించాను. చేతులు ఊనకుండా మంచం మీంచి లేవడం. గుమ్మం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం. మెట్టు ఎక్కి దిగడం. పళ్ళు బిగించి చేసేవాడాయన. "ఇది పడవలో ఏ కాలండీ?" అని అడిగి మరీ చేసేవాడు. చుట్ట మానమంటే మాత్రం చెవిటివాడైపోయేవాడు, అది నా వల్ల కాలేదు.

ఆఖరికి చేతికర్ర పట్టుకుని, ఆసుపత్రి వరండా అంతా తిరిగి, డాక్టరుగారి స్టూలు దాకా ఒక్కడే నడిచి వెళ్ళి కూర్చున్నాడు. ఇంక వారం వారం రానక్కర్లేదు, ఇంట్లోనే చేసుకోమన్నాం.

బెల్లు

కైకలూరులో మా ఆడపడుచు ఉంది. వాళ్ళింటికి వెళుతూ, చాలా రోజులైంది కదా అని గంగరాజుగారి ఊళ్ళో దిగాను. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో కుర్చీ వచ్చింది. నేను కూర్చోలేదు, ఆయన్ని చూశాను.

ఫ్యాను కింద పెద్ద మెత్తటి కుర్చీలో ఉన్నాడు. అప్పటికే పొట్ట వచ్చేసింది. పంచె కింద తొడ ఎండిపోయింది. చేతికర్ర మీద తువ్వాలు ఆరేసి ఉంది. కుర్చీ చేతికి ఒక బెల్లు కట్టారు, నొక్కితే వంటింట్లో మోగుతుంది. మంచినీళ్ళకి ఒకసారి, పేపరుకి ఒకసారి. చెప్పులు కూడా తెచ్చి కాళ్ళకి తొడుగుతున్నారు. చుట్ట ముట్టించి మరీ ఇస్తున్నారు!

"నాన్నకి ఏ లోటూ రానివ్వట్లేదండి మేడం" అన్నాడు శ్రీను. నిజంగా గర్వంగా అన్నాడు. వాడు మంచి కొడుకు. అదే నా ఏడుపు. చెడ్డ కొడుకు అయితే నాలుగు తిట్టి బాగుచెయ్యొచ్చు, మంచి కొడుకుని ఏం చేస్తాం?

"లేవండి గంగరాజుగారూ" అన్నాను. ఆయన రెండు చేతులూ ఊని సగం లేచి, మళ్ళీ కూలబడ్డాడు. నా వంక చూడలేదు. "పడవ సంగతి వదిలెయ్యండమ్మా" అన్నాడు గోడ వైపు చూస్తూ.

నాకు కోపం ఆగలేదు. "ఓసారి మీ నాన్న తొడ పట్టుకుని చూడు శ్రీనూ. నువ్వు చేసే సేవ ఇదీ! ఇంకొన్నాళ్ళు ఇలాగే పోతే బాత్రూంకి కూడా నువ్వు ఎత్తుకుని తీసుకెళ్ళాలి."

వాడి మొహం ఎర్రబడింది. "నన్నేం చెయ్యమంటారండీ? చెరువులు పెట్టుకుని ముసలాణ్ణి గట్లంట తిప్పుతున్నాడు అంటారు ఊళ్ళో. నలుగురిలో నాకు తలెత్తుకునే దారి ఉంటదా? ఆయన పడ్డది కూడా పనిచేస్తూనే కదండీ."

వాడి బాధ వాడిది. ఈ ఊళ్ళల్లో తండ్రి కూర్చుని తింటుంటే కొడుకు గొప్ప. ఆ గొప్ప కోసమే వీళ్ళు వయసులో ఒళ్ళు హూనం చేసుకుంటారు, ఆ గొప్పే తరవాత ఒంట్లో మిగిలింది కాస్తా తినేస్తుంది. నాకు అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. సంచి మోసేవాడిని పనివాడంటారు. గట్టు మీద నిలబడి "ఆ ముడి సరిగ్గా బిగించరా" అనేవాడిని పెద్దాయన అంటారు.

"పని చేయించకు. పెత్తనం చెయ్యనీ" అన్నాను. "పొద్దునా సాయంత్రం గట్టు మీదకెళ్ళి పనివాళ్ళ మీద అజమాయిషీ చేస్తాడు. పక్కన నువ్వో పనివాడో ఉండండి. దాన్ని ఊళ్ళో ఎవరూ తప్పనరు." శ్రీను తలూపి, "ఆయ్, ఇదేదో బాగానే ఉందండి" అన్నాడు.

పెత్తనం

మూడు వారాలు బానే ఉందట. ఆ తరవాత నేను వెళ్ళేసరికి గట్టు మీద కుర్చీ! దానికో గొడుగు కట్టారు. గంగరాజుగారు అందులో కూర్చుని పెత్తనం చేస్తున్నాడు. ఇంటి దగ్గర్నుంచి గట్టు దాకా బండి మీద దింపుతున్నారు. అడిగితే పనివాళ్ళు నొచ్చుకున్నారు. "పెద్దాయన నిలబడి ఉంటే మాకు చేతులాడవండి. పాపం కాదేంటండి?" అన్నారు.

ఓర్నాయనో అనుకుని, గంగరాజుగారి పక్కన గట్టు మీదే చతికిలబడ్డాను. ఆయనకి ఒక్క మాట చెప్పాను. "మీ అబ్బాయితో పోట్లాడాను, పనివాళ్ళతో పోట్లాడాను. ఇంక నాకు ఓపిక లేదండీ. కుర్చీ తెచ్చేవాళ్ళు తెస్తూనే ఉంటారు. వద్దనాల్సింది మీరు. పడవ కావాలో, కుర్చీ కావాలో మీరే చూసుకోండి." అనేసి బస్సెక్కి వచ్చేశాను. దారంతా, పెద్దవాణ్ణి పట్టుకుని అలా అనేశానేంటి అని మనసు పీకుతూనే ఉంది.

కొన్నాళ్ళకి దుర్గ ఫోను చేసింది. "మేడం, మావయ్యగారు కుర్చీని చెరువులో తోసేశారండి" అంది.

"అయ్యో, కోపమొచ్చిందా?"

"లేదండి. నవ్వుతున్నారు. సగం మునిగి అలా తేలుకుంటా పోయింది. పనివాళ్ళు తీయబోతే, తీస్తే కాళ్ళిరగ్గొడతానన్నారు."

నేను అంత గట్టిగా నవ్వి ఎన్నేళ్ళయిందో.

దుర్గ

ఇక్కడి నుంచి జరిగింది నా గొప్ప కాదు, గంగరాజుగారి గొప్ప కూడా పూర్తిగా కాదు. ఆ పిల్లది.

ఇంట్లో ఆయన పనులు ఆయన్నే చేసుకోనివ్వమని నేను ఫోన్లో చెప్పింది పట్టుకుని, దుర్గ బెల్లులో బ్యాటరీ తీసి పోపుల డబ్బాలో దాచేసింది. శ్రీను అడిగితే పాడైందంది. మావయ్యగారికి మంచినీళ్ళు కావాలంటే వంటింట్లోకి రావాలి. చెంబు ఆయనే ముంచుకోవాలి, ఆయనే కడిగి బోర్లించాలి. చెప్పులు గుమ్మం పక్కనే ఉంటాయి, ఎవరూ తెచ్చి ఇవ్వరు. పొద్దున్న పాలు కాగేదాకా పొయ్యిగట్టు పట్టుకుని కాలి వేళ్ళ మీద లేస్తూ దిగుతూ ఉండాలి. ఆయన లేవలేక అవస్థ పడుతుంటే ఆమె పక్కనే నిలబడేది, పడబోతే పట్టుకునే అంత దగ్గరగా. చెయ్యి మాత్రం ఇచ్చేది కాదు.

అది ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఇరుగుపొరుగు ఊరుకుంటారా? "ముసలాయన మంచినీళ్ళు ఆయనే ముంచుకుంటున్నాడట, కోడలు కాలు మీద కాలేసుకుని చూస్తందట" అన్నారు. జంగారెడ్డిగూడెం నుంచి వాళ్ళమ్మ వచ్చి, నా పెంపకానికి పేరు తెచ్చావే అని ఏడ్చి వెళ్ళింది. శ్రీను కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు. "మీరు చెప్పారనే చేస్తన్నానండి, కానీ మాటలు పడలేకపోతన్నానండి" అని దుర్గ ఫోన్లో ఏడ్చింది. మానెయ్యమ్మా అని నోటిదాకా వచ్చింది. అనలేదు.

తరవాత ఏడాది, చలికాలం వెళ్ళాక, ఒక పొద్దున్న ఫోను. "ఎక్కారండీ! మావయ్యగారు పడవెక్కారండి!" పనివాడు పడవలో నిలబడి పట్టుకున్నాడట, దుర్గ గట్టు మీద తాడు పట్టుకుందట. ఒంటికాలి మీద ఆగి, రెండో కాలు లోపలికి తీసుకున్నాడట. చెరువు మధ్యలోకెళ్ళి చెయ్యి నీళ్ళల్లో పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాడట. నేను ప్లాట్‌ఫారం మీద రైలు కోసం నిలబడి ఉన్నాను. చెప్పొద్దూ, అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను.

మీకు చెప్పేది

అమ్మాయిలూ, మీరు అడిగింది అలవాట్ల గురించి కదా. వ్యాయామాల బొమ్మల కాయితం ఇచ్చి పంపకండి, దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి మర్చిపోతారు. ఆ మనిషి రోజూ ఎలాగూ చేసే పనికి కట్టండి. పాలు కాగేదాకా కాలి వేళ్ళ మీద లేవడం, టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఫోను మోగితే నిలబడి మాట్లాడటం. ఎవరైనా పక్కనుండగా రోజుకోసారి కింద కూర్చుని లేవడం. కొత్తగా తుంటికి ఆపరేషను అయినవాళ్ళు మాత్రం డాక్టరుని అడక్కుండా ఇది చెయ్యకూడదు. వేళకింత తిండి, ఓ గుడ్డో చేపముక్కో పప్పో. బాత్రూంలో తడి లేకుండా చూసుకోవడం. బీపీ బిళ్ళ నొప్పి లేదు కదా అని మానకపోవడం. ఇంతకంటే మహామంత్రం నాకు తెలీదు.

ఏ మనిషినైనా ముందు ఏం కావాలో అడగండి. ఆరోగ్యం కోసమని ఎవరూ ఏడాది పొడుగునా ఒంటికాలి మీద నిలబడరు, పడవ కోసం నిలబడతారు. ఆ తరవాత ఇంట్లో ఎవరు మాటలు పడాల్సి వస్తుందో కనుక్కోండి. మనం అలవాటు చెప్పేది పేషెంటుకి, నిందలు మోసేది ఇంకొకరు. ఎక్కువగా ఆడవాళ్ళే. ముందు వాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడకపోతే మీ చదువు దండగ.

ఇవన్నీ చెప్పినా, పదిమందిలో ఎనిమిదిమంది వినరు. అలిసిపోతారు మీరు. నేనూ అలిసిపోయాను.

పెద్దకార్యం

గంగరాజుగారు ఆ తరవాత చాలా ఏళ్ళు పడవెక్కారు. నేను రిటైరైన ఏడాదే పోయారు. మంచాన పడలేదు. సాయంత్రం గట్టు మీంచి నడిచి వచ్చి, అన్నం తిని పడుకుని, తెల్లారి లేవలేదు.

పెద్దకార్యానికి వెళ్ళాను. గూడెం నుంచి ఏలూరు, ఏలూరు నుంచి బస్సు, బస్సు దిగి నడక. నా మోకాళ్ళు రెండూ పీకేస్తున్నాయి. పందిట్లో అడుగుపెట్టగానే చుట్టాలావిడ ఎవరో కుర్చీ తెచ్చి తువ్వాలుతో తుడిచింది. "కూర్చోండీ, ఎండలో పడొచ్చారు" అంది.

"ఆవిడకి కుర్చీ వెయ్యకు పిన్నీ" అంది దుర్గ.

పందిరి మొత్తం మావైపు తిరిగింది. చావింటికి వచ్చిన పెద్దావిడకి కుర్చీ వద్దనడం ఏమిటి! అసలు సంగతి చెప్పనా? ఆ రోజు నాకు ఆ కుర్చీ కావాలి. ప్రాణం లాగేసింది దాని కోసం. అయినా వెళ్ళి దుర్గ పక్కన చాప మీద కూర్చున్నాను.

వెనకాల ఆడవాళ్ళ మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి. ఆఖరి రోజు దాకా ముసలాయన చేత చాకిరీ చేయించింది, ఒక్కనాడు సుఖపడనిచ్చింది కాదు, అంటున్నారు. దుర్గకీ వినపడుతున్నాయి.

"ఆ రాత్రి కూడా చెంబు ఆయనే కడిగి బోర్లించారండి" అంది మెల్లగా. "అది అలాగే ఉంచాను. నేను చేసింది తప్పాండీ?"

"కాదమ్మా. ఆయనకి పడవ ఇచ్చింది నువ్వే. కానీ ఈ ఊరు నీకు ఆ మాట ఎప్పటికీ చెప్పదు" అన్నాను. ఆమె తలూపింది. ఏడవలేదు. ఏడవడానికీ ఓపిక ఉన్నట్టు లేదు.

బస్సు వేళయింది. లేవబోయాను. మోకాలు సహకరించలేదు. దుర్గ గబుక్కున లేచి నాకు చెయ్యి అందించబోయింది. అందించబోయి, ఆగి, వెనక్కి తీసుకుంది. తీసుకుని నా పక్కనే నిలబడింది, పడితే పట్టుకునే అంత దగ్గరగా. ఊరంతా చూస్తోంది.

ఒక చెయ్యి నేలకి ఆన్చి, ఒక పక్కకి తిరిగి, ఒక మోకాలు ఎత్తి, లేచాను. కాస్త ఆలస్యమైంది.

చెప్పులెక్కడ పెట్టానో చూసుకుంటుంటే, అదిగోండి అని గుమ్మం పక్కన చూపించింది. తెచ్చి ఇవ్వలేదు.